గడియకు ఇవతల

పాస్టరుగారు నాకా పని అప్పజెప్పింది వానలు మొదలైన వారంలో. చర్చి వెనకనున్న చదువుగదిలో కప్పు కారుతుంటే నేను ఎక్కడెక్కడ బకెట్లు పెట్టాలా అని చూస్తున్నాను. ఆయన గొడుగు మడిచి గుమ్మంలో నిలబడి, ఖాళీ బల్లల వంక చూశారు.

"ఏమ్మా, పిల్లలు ఒక్కరూ రావట్లేదా?"

"వస్తున్నారండీ. వాన పడితే తలదాచుకోడానికి వస్తున్నారు. తగ్గగానే పోతున్నారు."

ఆయన నవ్వలేదు. బీరువా తెరిచి పుస్తకాల వరస మీద వేలు ఆనించి చివరిదాకా లాక్కుంటూ పోయారు. వేలికి దుమ్ము అంటింది.

"వాళ్లని అని ఏం లాభం? పదేళ్లు దాటిన పిల్లలకి మన దగ్గర ఏముంది? ఇటు చూస్తే బొమ్మల పుస్తకాలు, అటు చూస్తే ప్రసంగాలు. మధ్యలో ఏమీ లేదు. కథలు కావాలమ్మా. ఆ కాలం కథలు. అపొస్తలుల పేర్లు మన పిల్లలు గడగడా చెప్పేస్తారు. ఆ అపొస్తలుల్ని ఇంట్లో దాచి అన్నం పెట్టిన వాళ్లకీ పిల్లలు ఉండే ఉంటారు కదా? వాళ్లకి ఎంత భయం వేసి ఉంటుంది? అది మనవాళ్లకి ఎవరూ చెప్పలేదు."

"కల్పించి రాసినవైనా ఫరవాలేదా అండీ?"

"కల్పించకపోతే ఎలా తెలుస్తుంది?" అన్నారాయన.

సాయంత్రం ఇంట్లో ఈ ముచ్చట చెప్పాను. మా ఆయన మోటార్ల మెకానిక్కు. చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ, "వెతుకు, వెతుకు. నీకూ కాలక్షేపం," అన్నాడు. అత్తయ్య మాత్రం తింటున్న చెయ్యి ఆపింది. ఆవిడకి డెబ్భై ఏడేళ్లు, రెండు కళ్లలోనూ పొరలు. మన మొహం ఉన్న వైపు కాకుండా కాస్త పక్కకి చూస్తూ మాట్లాడుతుంది.

"కల్పించి రాయడం పాపం అనేవారు మా నాన్నగారు," అంది. అని మళ్లీ తినసాగింది.

మేం ఉంటున్న ఇల్లు ఆ నాన్నగారిదే. ఆయనకి ఒక్కతే కూతురని మా మామగారు ఇల్లరికం వచ్చారు. మా ఆయన పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే. ఆ తాతగారి ఫొటో ఒకటి ముందుగదిలో ఉండేది. నా పెళ్లయిన కొత్తలో ఆ ఫొటో ఎదురుగా కూర్చోవాలంటే నేను కొంగు సర్దుకునేదాన్ని. చూపులో అంత పెద్దరికం.

వెతకడం మొదలుపెట్టాను. దొరికిన చిరునామాలన్నిటికీ ఉత్తరాలు రాశాను, పాత పుస్తకాల దుకాణాల్లో మోకాళ్ల మీద కూర్చుని దొంతరలు దించాను. దొరికిన వాటిలో ఒకదాంట్లో రోమన్ సైనికులు బ్యాండు మేళం వాళ్లలా ఉన్నారు. ఇంకోదాంట్లో పన్నెండేళ్ల కుర్రాడు సింహం బోనులో నిలబడి నాలుగు పేజీలు ఉపన్యాసం ఇస్తాడు, సింహం ఓపిగ్గా వింటుంది. అన్నిటికన్నా ముందు మా పిచ్చుకకి ఇచ్చి చూసేదాన్ని. పిచ్చుక మా అమ్మాయి. పన్నెండేళ్లది. సన్నగా ఉంటుందని, ఒకచోట కుదురుగా ఉండదని వాళ్ల నాన్న పెట్టిన పేరు. అది రెండు పేజీలు చదివి, "అమ్మా, ఇందులో ఎవరికీ ఆకలెయ్యదేంటి?" అని తిరిగి ఇచ్చేసేది.

మూడో వారంలో, ఎక్కడో మూతపడిన ఆడపిల్లల హాస్టలు నుంచి నాలుగు అట్టపెట్టెలు చదువుగదికి వచ్చాయి. పాత పాఠ్యపుస్తకాలూ పాటల పుస్తకాలూ తీస్తుంటే అడుగున అట్ట లేని పుస్తకం ఒకటి తగిలింది. తొమ్మిదో పేజీతో మొదలై నూట ముప్ఫై రెండో పేజీలో ఆగిపోయింది. పేరు లేదు, రాసినవాళ్లెవరో లేదు. అక్కడక్కడా హాస్టలు ముద్ర ఉంది, అంతే. నిలబడే నాలుగు పేజీలు చదివాను. తర్వాత కూర్చుని చదివాను. సాయంత్రం దీపం వెయ్యడం మరిచిపోయి కళ్లు చికిలించుకుంటున్నానని అప్పుడు తెలిసింది.

చాలా కాలం కిందటి ఒక రేవుపట్నం. మట్టి దీపాలు చేసేవాడు ఒకడు, వాడికి ఇద్దరు కూతుళ్లు. విశ్వాసుల దగ్గరున్న గ్రంథాలన్నీ అప్పగించాలి, కాల్చెయ్యాలి అని చక్రవర్తి ఆజ్ఞ. సైనికులు ఇల్లిల్లూ గాలిస్తున్నారు. సంఘపెద్ద తన దగ్గరున్న గ్రంథపు చుట్టల్ని దీపాలవాడి పెద్ద కూతురికి ఇచ్చి దాచమంటాడు. ఆ పిల్లకి పద్నాలుగేళ్లు. ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, చెల్లెలితో దెబ్బలాడుతుంది. ఇంతకాలం నేను వెతుకుతున్నది ఇదేననిపించింది.

పిచ్చుక దాన్ని తిరిగి ఇవ్వలేదు.

ఆ రోజుల్లో దానికి ఒంటిపూట బడి. మధ్యాహ్నం వాళ్ల నానమ్మ పక్కన చేరి ఆ పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో సర్దుకుంటూ వినేదాన్ని. మూడో రోజో నాలుగో రోజో పిచ్చుక ఇలా చదువుతోంది:

"దీపాలవాడి ఇంటి కింద ఒక గది ఉంది. దానికి తొమ్మిది మెట్లు. నాలుగో మెట్టు అంచు విరిగిపోయింది. అలవాటు లేనివాళ్లు అక్కడ తూలి పడతారు. అందుకని దిగేటప్పుడు..."

పేజీ తిప్పడానికి ఆగింది.

"ఎడమ చేత్తో గోడ పట్టుకోవాలి," అంది అత్తయ్య.

కాగితం తిరిగిన చప్పుడు. ఆపైన చదువు వినిపించలేదు. నేను చేతిలో గిన్నెతో గుమ్మం దాకా వచ్చాను. పిచ్చుక పుస్తకంలోకి, నానమ్మ మొహంలోకి మార్చి మార్చి చూస్తోంది.

"అదే ఉంది నానమ్మా. అచ్చంగా అదే మాట. ఇది నువ్వు ముందే చదివావా?"

"నాకు చదువెక్కడిదే? మూడో తరగతిలోనే నాన్నగారు మాన్పించేశారు," అంది అత్తయ్య. "చదువు. ఆపకు."

ఆ గొంతు ఆవిడదే గాని, ఎప్పుడూ మాతో మాట్లాడే గొంతు కాదు. కాస్త సన్నగా ఉంది. పెద్దవాళ్లు వింటారేమోనని తగ్గించుకున్నట్టు ఉంది.

మా ఇంటి కింద కూడా ఒక గది ఉంది. మేం కింది గది అనేవాళ్లం. చెక్కాముక్కా, మా ఆయన పాత సామానూ పడేసేవాళ్లం. వానలు ముదిరితే గోడల్లోంచి నీళ్లు ఊరతాయని ఆ కాలంలో ఎవరం దిగం. మర్నాడు పొద్దున్న బకెట్టు కావాలన్న మిషతో దిగాను. పెళ్లయి వచ్చిన పద్నాలుగేళ్లలో ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో, ఒక్కసారీ లెక్కపెట్టలేదు. ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు అంచు విరిగి ఉంది. అది నాకు తెలిసిందే. తొమ్మిదో మెట్టు దిగి తలుపు ముందు నిలబడ్డాక చూసుకుంటే నా ఎడమ చెయ్యి గోడ మీద ఉంది.

బకెట్టు తీసుకోకుండానే పైకి వచ్చేశాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి మొదటిసారి ఆ చప్పుడు విన్నాను. కింద ఎక్కడో తలుపు మీద కొట్టినట్టు. మూడు దెబ్బలు, కాస్త ఆగి, ఒకటి. నేను విని, నేనే కాదనుకున్నాను. మర్నాడు మళ్లీ అదే వేళకి. మా ఆయనతో చెప్పాను.

"పైపుల్లో గాలి చేరుంటుంది. వానల్లో మామూలే," అన్నాడు.

"మూడు కొట్టి, ఆగి, ఒకటి కొట్టే గాలా?"

"ఏం, గాలికి లెక్కలు రాకూడదా?" అని నవ్వాడు. అయినా రెంచీ పట్టుకుని ఇల్లంతా తిరిగొచ్చాడు. పైపులన్నీ బాగానే ఉన్నాయని తేలాక ఇక ఆ సంగతి ఎత్తలేదు, నవ్వనూ లేదు.

అప్పటికి ఇంకా మేం ఆ పేజీ దాకా రాలేదు. ఆ వారం చివర పిచ్చుక చదివింది. సైనికులు వీధి మలుపు దాకా వచ్చేశారు. పెద్దది గ్రంథాలతో సహా కింది గదిలో దాక్కుంటుంది. చిన్నదాన్ని బయటినుంచి గడియ పెట్టమంటుంది. "వాళ్లు వెళ్లిపోయాక కొడతాను. మూడు కొట్టి, ఆగి, ఒకటి. అప్పుడు తియ్యి. వేరే ఎవరు పిలిచినా తియ్యకు."

నా చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టేశాను. పిచ్చుక కూడా చదవడం ఆపి తలెత్తింది. దానికీ వినిపిస్తోందని నాకు ఆ క్షణం దాకా తెలీదు. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం గాని ఆ మాట పైకి అనలేదు. అత్తయ్య మాత్రం నేల వైపు తల వంచి చెవి ఒగ్గి కూర్చుంది.

పుస్తకం నూట ముప్ఫై రెండో పేజీలో ఆగిపోయిందని చెప్పాను కదా. సైనికులు వెతికి వెళ్లిపోతారు. లోపల నీళ్లు ఊరుతున్నాయి. పెద్దది తలుపు కొడుతుంది. చివరి వాక్యం ఇది: "చిన్నది గడియ వంక చూసింది."

"తర్వాత?" అంది అత్తయ్య.

"లేదు నానమ్మా. పేజీలు చిరిగిపోయాయి."

"చిరిగిపోతే? తీసిందా లేదా?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?" అంది అత్తయ్య, కోపంగా. తర్వాత పిచ్చుక చెయ్యి తడిమి పట్టుకుని, చాలా మెల్లగా, "చెప్పవూ, అక్కా?" అంది.

పిచ్చుక నా వంక చూసింది. నేను విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇప్పటికీ ఆ పని తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజు నుంచి అత్తయ్య తిండి తగ్గించేసింది. రొట్టె ముక్క ఒకటి చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చునేది. రోజూ ఆఖరి పేజీ మళ్లీ చదివించుకునేది. తన కుర్చీ తీసుకెళ్లి మెట్ల పైన వేయించుకుంది. చల్లగాలి కొడుతుంది, లోపలికి రమ్మంటే, "ఇక్కడుంటే చాలు," అనేది. పొద్దున్న లేచి చూస్తే మెట్ల మీద చిన్న చిన్న తడి అడుగులు ఉండేవి. ఆవిడవే అని నాకు తెలుసు, ఆవిడ మనిషి చిన్నది. అయినా ఎవరూ చూడకముందే తుడిచేసేదాన్ని. డాక్టరు వచ్చి చూసి వయసు, కళ్లు, వానాకాలం, అన్నాడు. మూడింటికీ కలిపి ఒకే మందు రాశాడు.

"ఆ దిక్కుమాలిన పుస్తకం అటకెక్కించెయ్," అన్నాడు మా ఆయన.

"అటకెక్కిస్తే ఆవిడ మర్చిపోతుందా? ఆఖరి పేజీలు దొరికితే గాని కుదుటపడదు."

అట్టపెట్టెల మీది చిరునామా పట్టుకుని బయల్దేరాను. మూతపడిన హాస్టలు గేటుకి తాళం. ఎదురుగా టీ దుకాణం ఆవిడ ఒకప్పటి వార్డెను ఇల్లు చూపించింది. అది ఒక మంగళవారం, పన్నెండు దాటింది. వార్డెనమ్మ కళ్లజోడు పెట్టుకుని పుస్తకం నాలుగు పేజీలు తిప్పి, ఇట్టే గుర్తుపట్టేసింది.

"ఇది మా లెక్కల టీచరు రాసింది! సొంతంగా అచ్చేయించి పిల్లలకి తలా ఒకటీ ఇచ్చింది. సూత్రాలు తప్పితే వేళ్ల మీద కొట్టే మనిషి. ఆవిడ కథ రాసిందంటే మేమెవరం నమ్మలేదు. పెళ్లీ పెటాకులూ లేవు. నా అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు ముసలివాళ్ల ఆశ్రమంలో ఉంది." అని నంబరు రాసిచ్చింది.

ఆ కాగితం తడవకుండా జాకెట్టులో దోపుకుని బస్సెక్కాను. వాన ఏకధారగా పడుతోంది. మా వీధి మలుపు తిరిగేసరికి మూడు గంటలైంది.

చప్పుడు గేటు దాకా వినిపిస్తోంది. మూడు. ఒకటి. ఎప్పటిలా మెల్లగా కాదు. మూడు. ఒకటి. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల పైన కుర్చీ ఖాళీగా ఉంది.

"పిచ్చుకా!" అని అరిచాను. పలకలేదు.

మెట్ల మీంచి కిందికి చూశాను. ఆఖరి మూడు మెట్లు నీళ్లలో ఉన్నాయి. మోకాళ్ల లోతు నీళ్లలో, తలుపుకి మొహం ఆనించి అత్తయ్య నిలబడి ఉంది. రెండు చేతులూ గడియ మీద ఉన్నాయి. గడియ పెట్టి ఉంది.

ఎలా దిగానో తెలీదు. "అత్తయ్యా, పిచ్చుక ఏది?"

"ష్," అంది. "నాన్నగారు ఇంకా ఇంట్లోనే ఉన్నారు."

"లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు." ఏడేళ్ల పిల్ల అప్పజెప్పే పాఠంలా ఉంది ఆ గొంతు. "అక్క లేదు. నాకు అక్క లేదు. ఎవరడిగినా అలాగే చెప్పమన్నారు."

ఆవిడ వేళ్లు ఊడదీయబోయాను. ఊడలేదు. ఎముకల గూడు లాంటి మనిషికి అంత పట్టు ఎక్కడిదో. గట్టిగా లాగితే ఆ నీళ్లలో పడిపోతుంది. తలుపు మీద దెబ్బలు ఆవిడ చేతుల్లోంచి నా చేతుల్లోకి తెలుస్తున్నాయి. లోపల నా కూతురు. మనసంతా ఆవిడని ఒక్క తోపు తోసెయ్యమంటోంది. ఆ ఒక్క క్షణం నేను ఏమవుతానో నాకే తెలీలేదు.

ఆవిడ పక్కనే మెట్టు మీద, నీళ్లలో కూర్చున్నాను.

"నాన్నగారు వెళ్లిపోయారు," అన్నాను.

"అబద్ధం."

"నేనిప్పుడు వీధిలోంచే కదా వస్తున్నాను. ఎదురుపడ్డారు. గొడుగు వేసుకుని వెళ్తున్నారు."

"చర్చికేనా?"

"చర్చికే."

ఆలోచించింది. దెబ్బలు ఆగిపోయాయి. పైన వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

"మళ్లీ వస్తారేమో?"

"రారు. తియ్యండి అత్తయ్యా."

గడియ తీసింది.

పిచ్చుక గోడకున్న ఎత్తయిన చెక్క అరమీద, గాలి కిటికీ కింద, కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం. దాన్ని కిందికి దించి, తల నుంచి పాదాల దాకా తడిమి చూశాను. మూడు మెట్ల నీళ్లు దాటించి పైకి మోసుకొచ్చి, మళ్లీ దిగి అత్తయ్యనీ నడిపించుకొచ్చాను.

"కిటికీ వెలుగు పుస్తకంలో రాసినట్టే పడుతుందేమో చూద్దామని దిగానమ్మా. నానమ్మ వచ్చి గడియ పెట్టేసింది. పిలిచాను, పలకలేదు. నీళ్లు వస్తుంటే పైకెక్కి కూర్చున్నా."

"అంతసేపు కొట్టావు కదే, చేతులు నొప్పిపుట్టలేదూ?"

"నేనెక్కడ కొట్టాను? నానమ్మే బయటినుంచి కొడుతోందనుకున్నా."

నేను దాని బట్టలు చూశాను. నేను ఎత్తుకున్న చోట తప్ప ఎక్కడా తడి లేదు. తలుపు దగ్గరికి రావాలంటే నడుము దాకా నీళ్లలో దిగాలి.

ఆ సాయంత్రం అత్తయ్యకి జ్వరం కాసింది. దుప్పటి కప్పుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని, నిదానంగా, తన మామూలు గొంతుతో చెప్పింది. తనకి ఒక అక్క ఉండేదని. ఏడేళ్లు పెద్దదని. పద్నాలుగేళ్లప్పుడు నోటుపుస్తకంలో ఒక కథ రాసుకుందని. ప్రభువు కాలంలో ఒక చిన్నపిల్ల, దీపాలు చేసేవాడి కూతురు. నాన్నగారు సంఘంలో పెద్ద. ఆ నోటుపుస్తకం ఆయన కంటపడింది.

"సత్యవేదంలో లేని పిల్లని నువ్వెలా పుట్టిస్తావు, అన్నారు. ఆ పిల్ల లేదు అని నీ నోటితో చెప్పు, అన్నారు. అక్క చెప్పలేదు. చెప్పేదాకా కింది గదిలో ఉండమన్నారు. వానాకాలం. నాన్నగారు మధ్యాహ్నం చర్చికి వెళ్తారు కదా, అప్పుడు కొడతాను తియ్యవే, అంది నాతో. మూడు, ఆగి, ఒకటి." అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. "కొట్టింది. మూడు రోజులూ కొట్టింది. మూడో రోజు అమ్మ తీసింది. ఆ సాయంత్రమే అక్క వెళ్లిపోయింది. నీకు అక్క లేదు, ఎప్పుడూ లేదు, అన్నారు నాన్నగారు. ఎవరడిగినా లేదన్నాను. డెబ్భై ఏళ్లు అన్నాక మరి అది అబద్ధంలా అనిపించదురా."

"నాకు పెద్దమ్మ ఉందా?" అన్నాడు మా ఆయన. నలభై రెండేళ్ల మనిషి, పసివాడిలా అడిగాడు. అతను లేచి ముందుగదిలోకి వెళ్లి, తాతగారి ఫొటో ముందు కాసేపు నిలబడి, దాన్ని దింపి గోడవైపు తిప్పి పెట్టి వచ్చాడు.

మర్నాడు ఆశ్రమానికి ఫోను చేశాను. నర్సు ఎత్తింది.

"లెక్కల టీచరుగారా? ఫోనులో వినపడదండీ ఆవిడకి. ఒంట్లో బాగానే ఉంది. ఈ వానలు మొదలైనప్పటి నుంచే మధ్యాహ్నం నిద్రలో మంచం పక్క గోడని కొట్టేవారు. పక్కగది వాళ్లు ఒకటే గోల. నిన్నటితో ఆగింది లెండి. నిన్న మాత్రం చెయ్యి వాచేలా కొట్టారు. ఉన్నట్టుండి ఆపేసి హాయిగా నిద్రపోయారు."

ఎన్నిసార్లు కొట్టేవారని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. పుస్తకం మాత్రం ఉంటే పంపమన్నాను.

వారానికి వచ్చింది. అట్టతో సహా, ఒక్క పేజీ పోకుండా. దాని పేరు 'తొమ్మిది మెట్లు'. రచయిత్రి పేరుండాల్సిన చోట 'ఒక అక్క' అని ఉంది. అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుంది. మా ఆయన ఆ రోజు పనికి వెళ్లలేదు. పిచ్చుక నూట ముప్ఫై రెండో పేజీ ఆఖరి వాక్యం నుంచి చదివింది.

"చిన్నది గడియ వంక చూసింది. కాలి వేళ్ల మీద లేచింది. చెయ్యి చాపింది. అందలేదు. దాని వయసు ఏడేళ్లు, ఆ గడియ పెద్దవాళ్లు తమ ఎత్తుకి బిగించుకున్నది. అది ఎగిరింది, ఏడ్చింది, మళ్లీ ఎగిరింది. లోపలున్న పెద్దదానికి ఈ సంగతి తెలుసు. తలుపు కింద సందులోంచి చెల్లెలి పాదాలు ఆమెకు కనిపిస్తున్నాయి. ఆ చిన్న పాదాలు రెండూ నేల విడిచి లేవడం, మళ్లీ నేలను తాకడం చూస్తూ, అక్క దాన్ని క్షమించలేదు. క్షమించవలసినదేమీ అక్కడ లేదు."

పిచ్చుక పేజీలో వేలు పెట్టి ఆపింది.

"అందలేదని రాసిందా?" అంది అత్తయ్య.

"అవును నానమ్మా."

అత్తయ్య కిటికీ వైపు మొహం తిప్పింది. ఆవిడకి అక్కడ వెలుగు తప్ప ఏమీ కనిపించదు.

"అందింది," అంది.

పిచ్చుక పుస్తకం మూసింది.

"నా భుజాల ఎత్తునే ఉండేది. చెయ్యి కూడా వేశాను. చల్లగా ఉంది. మూడు రోజులూ వేశాను." పిచ్చుక వైపు చెయ్యి చాపింది. "కాగితం తీసుకో. దానికి రాయి. నాకు అందింది అని రాయి. తియ్యలేదు అని రాయి. కింద నా పేరు పెట్టు, నేను వేలిముద్ర వేస్తాను."

పిచ్చుక రాసింది. ఆ ఉత్తరం నేనే తీసుకెళ్లి డబ్బాలో వేశాను. వేస్తుంటే చెయ్యి రాలేదు. ఎనభై నాలుగేళ్ల మనిషి. అంత అందంగా మూసి పెట్టుకున్నదాన్ని మేం మళ్లీ తెరుస్తున్నామేమో అనిపించింది.

జవాబు ఆరు రోజులకి వచ్చింది. ఒక్క కార్డు. దస్తూరీ వంకర టింకరగా ఉంది గాని అక్షరం అక్షరం విడిగా, లెక్కల టీచరు రాసినట్టే ఉంది.

"చెల్లీ, అందిందని నాకు తెలుసు. నీ పాదాలు కదల్లేదు. చూస్తూనే ఉన్నాను కదా. చాలా ఏళ్లు కోపం ఉండేది. తర్వాత పిల్లలకి పాఠం చెప్పేదాన్నయ్యాను. ఏడేళ్ల వాళ్లు ఎంత ఉంటారో అప్పుడు చూశాను. మనం రాసేది పిల్లలు చదువుతారు. వాళ్లలో నీలాంటిది ఒక్కతైనా ఉంటుందని అలా రాశాను. వానలు తగ్గాక రా. నువ్వు రాలేకపోతే నేనే వస్తాను, నా కాళ్లు బాగానే ఉన్నాయి."

అత్తయ్య ఆ కార్డు మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి అయ్యాక, "ఆకలేస్తోంది," అంది.

పాస్టరుగారు పుస్తకం తీసుకెళ్లి రెండు రోజుల్లో చదివి, కళ్లు తుడుచుకుంటూ తిరిగిచ్చారు. దాన్ని మళ్లీ అచ్చు వేయిద్దామన్నారు. "చివర ఏమన్నా మార్చమంటారా, నిజం తెలిసింది కదా?" అని అత్తయ్యనే అడిగారు. "ఆవిడ రాసింది ఆవిడ రాసినట్టే ఉండనివ్వండి. నా సంగతి మా ఇంట్లోవాళ్లకి తెలిస్తే చాలు," అంది అత్తయ్య.

వానలు వెనకబట్టిన మొదటి ఆదివారం బయల్దేరాం. నలుగురం. ఆశ్రమం గేటు దగ్గర కాపలా అతను చిన్న గదిలోంచి పుస్తకం ఒకటి ముందుకు తోశాడు. వచ్చినవాళ్ల పేరు, ఎవరి కోసం వచ్చారు, ఏమవుతారు. నేను కలం తీసుకోబోతుంటే అత్తయ్య నన్ను పక్కకి జరిపి, అతని గొంతు వినిపించిన వైపు మొహం పెట్టింది.

"ఎవరి కోసమండీ?" అన్నాడతను.

"మా అక్క కోసం," అంది.

అతను తల ఊపి రాసుకున్నాడు. లోపలికి వెళ్లొచ్చన్నాడు. అత్తయ్య కదల్లేదు.

"అక్క అని రాశావా, నాయనా?"

"రాశానమ్మా."

"ఏదీ, చదువు," అంది.